ఆరో డబ్బా

ఐదు దీపాలు వరసగా ఆరిపోయాయి, ఆరోది మాత్రం ఇంకా మిణుకుమంటూనే ఉంది. పదకొండు కాగానే రిపేరు కోసం కరెంటు తీసేస్తామని ఆసుపత్రి కింద మెయిన్ ప్యానెల్ దగ్గర ఎలక్ట్రీషియన్లు ముందే చెప్పారు, అన్నట్టే తీసేశారు. గదిలో ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి, ఆరు తెరలూ ఒక్కసారే నల్లబడ్డాయి, తెరల కింద ఆరు ఆట డబ్బాలు మాత్రం లోపల నేను పెట్టిన చిన్న బ్యాటరీల మీద బతికి, ఆకుపచ్చ దీపాలు మిణుకుతూ, తెరిచిన పనులన్నీ మూసుకోవడం మొదలుపెట్టాయి. నేను లెక్కపెడుతున్నాను. పన్నెండో సెకనుకి ఒకటి ఆరింది, పదిహేనుకి రెండు, ఇరవై లోపల ఇంకో రెండు. అలాగే ఆరాలి, ఇంట్లో భోజనాల బల్ల మీద ఎన్నోసార్లు అలాగే ఆరాయి. ఆరోది ముప్ఫై దాటింది, నలభై దాటింది, బ్యాటరీ ఓపిక గట్టిగా ఒక నిమిషం, యాభై, యాభై మూడు, యాభై ఆరో యాభై ఏడో చెప్పలేను, ఎందుకంటే సరిగ్గా అప్పుడే బంతమ్మ నా భుజం మీద తట్టి అన్నీ ఆరాయా అని అడిగింది, నేను తల తిప్పాను, మళ్ళీ చూసేసరికి అదీ ఆరిపోయి ఉంది. ఆరాయి అన్నాను. పని ముగించుకుని ఆరిందా, మధ్యలో బ్యాటరీ అయిపోయి ఆరిందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కరెంటు వచ్చి తెర వెలిగితే గానీ తెలియదు. గంట పడుతుందన్నారు.

బయట కారిడార్లో బల్ల మీద కూర్చున్నాను. ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని చెప్పి గది తలుపు దగ్గరగా వేసి బంతమ్మ తన కాగితాల పనిలో పడింది. ఈ వార్డులో చేతులకు వైద్యం చేసే అమ్మాయి ఆవిడ, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, వచ్చిన ప్రతి చేతిలోనూ మొదటి రోజే ఒక రబ్బరు బంతి పెట్టి నొక్కమంటుంది కాబట్టి మా అందరికీ బంతమ్మ, ఎదురుగా మాత్రం డాక్టరమ్మ. బంతితో విసిగిపోయిన చేతులకు ఆటలు తెచ్చిపెట్టింది కూడా ఆవిడే. అరచేతిలో పట్టేంత కంప్యూటరు బోర్డు, దాన్ని దాచిన పాతకాలపు ఆటల మిషను ఆకారం డబ్బా, ముందు ఒక లీవరు, రెండు బొత్తాలు, మా చిన్నప్పటి ఆటలన్నీ లోపల గోరంత కార్డులో. లీవరు పట్టుకోవాలంటే పిడికిలి మూసుకోవాలి, బొత్తాం నొక్కాలంటే వేలు వంగాలి. వ్యాయామం అంటే పది నిమిషాలకే మూలిగే మనుషులు ఆట అంటే గంట కూర్చుంటారు. నేనూ అలా కూర్చున్నవాణ్ణే. ఇరవై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేశాను, కిందటేడు ఒక పాత భవనం పైన మిషను గదిలో తాడుకీ చక్రానికీ మధ్య నా కుడి చెయ్యి పడింది. తీసేయాల్సి వస్తుందన్నారు, తీయలేదు, కుట్టారు, వేళ్ళు ఐదూ ఉన్నాయి, నా మాట వినడమే మానేశాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోవాలన్నా మా ఆవిడ రావాలి. నలభై నాలుగేళ్ళకి మళ్ళీ చంటిపిల్లాడివయ్యావు అని నవ్వుతుంది, నవ్వుతూనే పెడుతుంది, పెట్టాక ఒకసారి చొక్కా సర్ది, అటు తిరిగిపోతుంది.

టైపిస్టమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కరెంటు లేదు కదా, లిఫ్టు లేదు, నాలుగంతస్తులు దిగలేదు, ఈ గంటా నాతోనే. ఇంకెవరైనా పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన మనిషి, ఆ తర్వాత పక్షవాతం వచ్చి తగ్గింది కానీ ఎడమ చేతికి మోచేతి కింద స్పర్శ తిరిగి రాలేదు. కంటితో చూస్తే తప్ప ఆ చెయ్యి ఎక్కడుందో, ఏం చేస్తోందో ఆవిడకే తెలియదు. ఒకసారి అది కుర్చీకీ గోడకీ మధ్య ఒరుసుకుపోయి రక్తం వస్తుంటే ఆవిడ మాత్రం బంతమ్మకి ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. ఆవిడ ఆట పడవ ఆట. ఒక నది, ఒక చిన్న పడవ, ఏటికి ఎదురు, మలుపు తర్వాత మలుపు. మామూలు చేతులైతే వారంలో ముగిస్తాయట, ఆవిడ పట్టుబట్టి ఎడమ చేత్తోనే ఆడుతుంది, చూపు తెర మీదికి ఒకసారి, వేళ్ళ మీదికి ఒకసారి. వేళ్ళకేసి చూడకుండా ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టినదాన్ని, ఇప్పుడు ఒక్క క్షణం కన్ను తిప్పితే పనిదొంగలైపోతున్నాయి అంటుంది. రోజుకి ఒక మలుపు, కొన్ని రోజులు అదీ లేదు. ఈ ఉదయం నూట ఆరు మీద ఉంది. పదిన్నరకే అందరూ లేచిపోయారు, ఈ మలుపు అయ్యాక లేస్తానని ఆవిడ కూర్చునే ఉంది, తెర నల్లబడేదాకా ఆడుతూనే ఉంది.

"నా పడవ ఒడ్డున కట్టేశావా, లిఫ్టబ్బాయ్?" అని అడిగింది.

"కట్టాననే అనుకుంటున్నానమ్మా" అన్నాను, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఎలా చూస్తాను. ఐదు నెలల కిందట ఆ పడవని ముంచింది నేనే. అప్పుడు ఆవిడ రెండు వందల పన్నెండో మలుపు మీద ఉంది, తొమ్మిది నెలల కష్టం, వార్డులో కాఫీ తెచ్చే ఆయనకి కూడా ఆ అంకె తెలుసు. ఆ రోజు నేను ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని ఒక రాకెట్టు ఆట ఆడుతున్నాను, బొటనవేలు వంగదు, బొత్తాం నొక్కే లోపల రాకెట్టు పేలిపోతుంది, పదిహేడు సార్లు పేలింది, ఆ పదిహేడు సార్లూ ఒకే వెకిలి మోత, పదిహేడోసారి ఆ మోతలో నాకు మా కంపెనీ మేనేజరు గొంతు వినిపించింది, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే, చెయ్యి బాగయ్యాకే రా అన్న గొంతు, బాగవదని ఇద్దరికీ తెలిసిన గొంతు. కిందికి వంగి ఎడమ చేత్తో వైర్లు పట్టుకుని లాగేశాను. నా డబ్బా నోరు మూయించాలనే. చేతికి మూడు వైర్లు వచ్చాయి, ఊడింది మాత్రం ఆవిడది. ఆవిడ అప్పుడు గుమ్మం వైపు తిరిగి బంతమ్మ అడిగినదానికి ఏదో చెబుతోంది. నేను ప్లగ్గు మళ్ళీ గుచ్చేశాను, రెండు క్షణాలు కూడా పట్టలేదు, కానీ అది కార్డు మీద రాస్తున్న సమయంలో కరెంటు పోయింది, తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు వచ్చి అక్కడే నిలిచిపోయాయి. వైరు వదులుగా ఉందేమో అంది బంతమ్మ. టైపిస్టమ్మ తెరకేసి చూసింది, తర్వాత కిందికి చూసింది, ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అనడానికి ఆ ఒక్క నిమిషమే ఉండింది, అది దాటాక రోజురోజుకీ నోరు బరువెక్కిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ వార్డుకి రాలేదు. వచ్చాక కొత్త కార్డు మీద ఒకటో మలుపు నుంచి మొదలుపెట్టింది.

ఆ మూడు వారాల్లోనే ఈ స్విచ్చి పుట్టింది. డబ్బాతో వచ్చిన స్విచ్చి ఉత్త తెగ్గొట్టు స్విచ్చి, నొక్కితే కరెంటు పోతుంది, లోపల ఎవరేం రాసుకుంటున్నా దానికి పట్టదు. లిఫ్టుని అలా ఎవరూ చేయరు. నడుస్తున్న లిఫ్టుకి కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటుంది, మెల్లగా దగ్గరి అంతస్తుకి తీసుకెళ్తుంది, తలుపులు తెరుస్తుంది, మనుషులు దిగాకే నిద్రపోతుంది. నేను బిగించినవే అలాంటివి వందల్లో ఉంటాయి. ఇదే మాట మా బావమరిదితో అన్నాను, వాడు కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు, బావా అంటే నీ లిఫ్టుని తీసుకెళ్ళి ఆ డబ్బాలో పెట్టమంటావు అని నవ్వాడు, నవ్వి ఆ వారంలోనే ప్రోగ్రాం రాసిచ్చాడు. స్విచ్చి నొక్కినా, గోడ కరెంటు పోయినా ముందు బోర్డుకి కబురు వెళ్తుంది, అది ఆటని దాచి, తెరిచినవన్నీ మూసి, ఇక నా పని అయిందని చెబుతుంది, అప్పుడు దీపం ఆరి కరెంటు తెగుతుంది. టంకం వేసింది మా ఆవిడ. కుట్టుపని చేసే చెయ్యి, వెంట్రుకంత సూదిలో దారం ఎక్కించే చెయ్యి. నేను వేలు చూపించి ఇక్కడ అంటాను, ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని పెడుతుంది. ఎందుకు ఇంత ఆరాటం అని రెండో డబ్బా దగ్గర అడిగింది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ టంకం పుల్ల పక్కన పెట్టి, చెప్పేయకూడదూ అంది. చెబుతాలే, ఇవి తయారయ్యాక అన్నాను. ఆరూ తయారై రెండు నెలలవుతోంది.

పదకొండున్నర. ఎందుకు అంతసేపు వెలిగింది? ఐదింటికి ఇరవై సెకన్లు, దానికి యాభై పైన. నేనే బిగించాను, అన్నీ ఒకటే బోర్డు, ఒకటే బ్యాటరీ. తేడా ఒకటే, దానిలో ఆట తెరిచి ఉంది. కానీ ఇంట్లో ఆట తెరిచి కూడా చూశాం కదా, చూశాం, పడవ ఆటే పెట్టాం, మా ఆవిడే ఆడింది, నాలుగో ఐదో మలుపులు తిరిగి చాల్లే అనేసింది. ఐదు మలుపులు. నూట ఆరు మలుపుల ఆట మూసుకోవడానికి ఎంతసేపు పడుతుందో మేము కొలవలేదు. బావమరిదికి ఫోన్ చేశాను, క్లాసులో ఉన్నట్టున్నాడు, గొంతు తగ్గించి మాట్లాడాడు. అవును బావా, అది దాటిన ప్రతి మలుపునీ మళ్ళీ మొదటి నుంచి రాస్తుంది, ఎంత ఆడితే అంత ఆలస్యం అన్నాడు. యాభై ఏడుకి ఆరితే పని అయ్యే ఆరి ఉంటుంది, బ్యాటరీ అయితే ఇంకో మూడు సెకన్లు లాగేదిగా అన్నాడు. యాభై ఏడని నేను కచ్చితంగా చూడలేదురా అన్నాను. కార్డుకి ఒక నకలు తీసిపెట్టుకోవాల్సింది అని మాత్రం అన్నాడు, ఆ మాట వాడు నాలుగు ఆదివారాలుగా అంటూనే ఉన్నాడు, నేను వచ్చే ఆదివారం చేద్దాంలే అంటూనే ఉన్నాను.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. పక్కన టైపిస్టమ్మ కిటికీలోంచి కింద ఎవరో కారు వెనక్కి తీయలేక తంటాలు పడుతుంటే చూస్తోంది, ఎడమకి, ఎడమకి తిప్పు నాయనా అని తనలో తనే అంటోంది. నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. డబ్బా బతికితే చెప్పేస్తాను, పడవ చేతిలో పెట్టి చెబితే ఆవిడ నవ్వేస్తుంది, తేలిగ్గా పోతుంది. బతకకపోతే మళ్ళీ మూడు వారాలు ఆగుదాం, కాస్త కోలుకున్నాక చూద్దాం. అలా అనుకుని, అనుకున్నది నాకే వినిపించి, ముఖం వేడెక్కింది. ఐదు నెలలుగా నేను చేస్తున్నది ఇదేనా? స్విచ్చిలనీ బ్యాటరీలనీ ముందు పెట్టుకుని వాటి వెనక దాక్కుంటున్నానా? డబ్బా బతకడానికీ నేను చెప్పడానికీ సంబంధం ఏముంది? ఫ్యాన్లు తిరగక ముందే, తెర వెలగక ముందే చెప్పాలి. దగ్గాను, ఆవిడ ఇటు తిరిగింది, ఆ తిరగడమే చాలైంది.

"అమ్మా, మొదటిసారి మీ పడవ పోయింది చూశారూ, వైరు వదులై కాదు. నేను లాగాను."

ఆవిడ నావైపే చూస్తోంది. కోపంలో లాగాననీ, మీదని తెలియక లాగాననీ, తెలిశాక కూడా నోరు మెదపలేదనీ అంతా చెప్పేశాను, ఒక్కొక్కటీ చెబుతుంటే ఇంకొకటి దానంతటదే వచ్చింది, రాకెట్టు, పదిహేడు సార్లు, మేనేజరు గొంతు, అన్నీ. తిట్టండి అని కూడా అన్నాను. ఆవిడ తన ఎడమ చేతికేసి చూసుకుంది.

"నా చెయ్యి తగిలి కాదా?"

అర్థం కాలేదు.

"ఆ రోజు ఇటు తిరిగి చూశాను. నా ఎడమ చెయ్యి కుర్చీ పక్క నుంచి కిందికి వేలాడుతోంది, వైర్ల మీద. ఇదే లాగేసిందనుకున్నాను" అంది. "నువ్వు లాగావా? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పు. నా మనసు బాగుండాలని అనడం లేదు కదా?"

"నేనేనమ్మా. చేతికి మూడు వైర్లు వచ్చాయి, ఊడింది మీది. మీ చెయ్యి వాటిని తాకనే లేదు."

ఆవిడ కుడి చేత్తో ఎడమ చేతిని పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మెల్లగా, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. ఆ మూడు వారాలు రానిది పడవ పోయినందుకు కాదట. తనకి తెలియకుండా తన చెయ్యి ఒక వైరు లాగగలిగితే ఇంకేం లాగదు అని భయం పట్టుకుందట. ఇంట్లో మనవరాలు ఉంది, ఎనిమిది నెలల పిల్ల, దాన్ని ఎత్తుకోవడం మానేసింది. నడుం నొప్పి అని చెప్పిందట కోడలికి. పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేసింది, బట్టలు మడతపెట్టడం కూడా కుడి చేత్తోనే. ఇక్కడ ఆడుతున్నంతసేపూ ఎడమ చేతి మీంచి కన్ను తిప్పనిది ఆట కోసం సగం, కాపలా కోసం సగం. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, ఐదు నెలలూ, రోజూ చూస్తూనే ఉన్నాను, ఎంత శ్రద్ధగా ఆడుతుందో అనుకున్నాను. నేను మింగేసిన ఒక్క మాట ఈవిడ ఇంట్లో పిల్ల దాకా వెళ్ళిందని నాకేం తెలుసు. తల వంచుకున్నాను. ఆవిడ అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంటూ, నా చెయ్యి కాదన్నమాట, కాదన్నమాట అని రెండుసార్లు అంది, ఆ అనడంలో ఎంత ఊపిరి బయటికి వచ్చిందంటే పక్కనున్న నాకు కూడా ఛాతీ తేలికపడింది, పడకూడదేమో, నాకు ఆ హక్కు లేదేమో, అయినా పడింది.

పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలుండగానే తల మీద ఫ్యాను మూలిగి తిరగడం మొదలైంది. కింద ఎవరో చప్పట్లు కొట్టారు. బంతమ్మ తలుపు తెరిచింది, నేను లేచాను, టైపిస్టమ్మ నా కన్నా ముందే లేచింది. ఒకటో తెర, రెండోది, మూడోది, వాటంతటవే వెలిగి ఆటల జాబితా చూపిస్తున్నాయి, నాలుగు, ఐదు. ఆరో తెర మీద తెల్లటి అక్షరాలు. ఒక వరస, రెండు వరసలు, మూడు, నాలుగు, కిందటిసారి ఆగింది ఇక్కడే, ఐదు, ఆరు, అక్షరాలు ఆగలేదు, పైకి పాకిపోతున్నాయి, చివర చిన్నగా అన్నీ సరిగా మూసి ఉన్నాయన్న వరస వచ్చింది, తెర ఒకసారి చీకటైంది, తర్వాత నీలం, నీలంలో నది, నది ఒడ్డున పడవ. పై మూలన అంకె నూట ఏడు. కరెంటు పోయే ముందు ఆవిడ ఆ మలుపు కూడా తిరిగేసింది, డబ్బా దాన్ని కూడా దాచింది. బంతమ్మ, నేను చెప్పలేదూ అంది, ఆవిడ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. బావమరిదికి నూట ఏడు అని మాత్రం మెసేజి పెట్టాను. ఆ మూడు అంకెలు కొట్టడానికి నా బొటనవేలు ఎప్పటిలాగే మొరాయించింది, కొట్టింది.

టైపిస్టమ్మ కుర్చీలో కూర్చుని లీవరు పట్టుకోలేదు. డబ్బా పక్కనున్న స్విచ్చి మీదికి ఎడమ చెయ్యి తీసుకెళ్ళింది, చూపు మాత్రం నా ముఖం మీదే ఉంచింది, చేతికేసి చూడలేదు. బొటనవేలు ఒకసారి అంచు మీద జారింది, రెండోసారి దొరికింది, నొక్కింది. దీపం మిణుకుమనడం మొదలైంది. ఆవిడ తొందరపడలేదు, నేనూ లెక్కపెట్టలేదు, అది తన పని తాను చేసుకుని ఆరింది. మళ్ళీ నొక్కింది, వెలిగింది. నది, పడవ, నూట ఏడు, అలాగే ఉన్నాయి. బాగుందోయ్ అంది, కుర్చీ ముందుకి జరుపుకుంది.

నేను నిలబడే ఉన్నాను, ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు. ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది, "నీ మీద నాకు చాలా కోపం ఉంది. ఐదు నెలలు, అబ్బాయ్. చంటిదాన్ని ఎత్తుకోలేదు నేను."

"తిట్టండమ్మా" అన్నాను.

"ఇవాళ కాదు. ఇవాళ నాకు సంతోషంగా ఉంది, తిట్లు సరిగా రావు. త్వరగా ఇంటికెళ్ళాలి కూడా. రేపు రా, తీరిగ్గా తిడతాను."

ఎన్నింటికి రమ్మంటారని అడిగాను. ఆవిడ పడవని ఒక బండ పక్క నుంచి జాగ్రత్తగా తప్పించి, కాస్త ఆలోచించి, పదింటికి అంది. పదింటికి వస్తానన్నాను.